వెనక్కి తిప్పి చూడండి: పాత అమెరికన్ ఎలక్షన్ బొమ్మలు కొనేముందు

మీరు అడిగింది ఇది: న్యూజెర్సీలో ఒక ఆంటిక్ షాపులో, పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ కార్టూనిస్టు థామస్ నాస్ట్ గీసిన ఏనుగు కార్టూన్ చూశారు. కింద 1874 అని ఉంది. మంచి రంగుల్లో, పటం కట్టి, వెనక ‘అసలైనదే’ అని సర్టిఫికెట్ అంటించి, 180 డాలర్లు చెబుతున్నారు. ఒరిజినలేనా, కొనొచ్చా, ఇలాంటివి సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు.

నేనూ న్యూజెర్సీలోనే, ఎడిసన్‌లో ఉంటాను. ఇరవై రెండేళ్లుగా ఈ పిచ్చి ఉంది. ఉద్యోగం కంప్యూటర్లతో, ఆదివారాలు పాత కాగితాలతో. ఈ మధ్యలో మోసపోయాను, మంచి కాగితాన్ని చేతులారా పాడుచేసుకున్నాను, ఒకట్రెండు సార్లు అదృష్టం కూడా కలిసొచ్చింది. కాబట్టి జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది.

ముందు మీ ఏనుగు సంగతి. ఆ బొమ్మ పేరు ‘థర్డ్ టర్మ్ పానిక్’. 1874 నవంబర్ 7 నాటి హార్పర్స్ వీక్లీ అనే వారపత్రికలో వచ్చింది. ప్రెసిడెంట్ గ్రాంట్ మూడోసారి కూడా నిలబడి సీజర్‌లా రాజైపోతాడని న్యూయార్క్ హెరాల్డ్ పత్రిక గోల పెడుతున్న రోజులవి. నాస్ట్ ఆ పత్రికని సింహం తోలు కప్పుకున్న గాడిదగా గీశాడు. పంచతంత్రంలో పులితోలు కప్పుకున్న గాడిద కథ విన్న మనకి సగం బొమ్మ అక్కడే అర్థమైపోతుంది. గాడిద ఓండ్రకి అడవిలో జంతువులన్నీ బెదిరి పరిగెడుతుంటే, ‘రిపబ్లికన్ ఓటు’ అని ఒంటి మీద రాసున్న ఏనుగు గోతి అంచున తూలుతూ ఉంటుంది. ఆ ఎన్నికల్లో రిపబ్లికన్లు ప్రతినిధుల సభలో మెజారిటీ పోగొట్టుకున్నారు. రెండు వారాలకి, నవంబర్ 21 సంచికలో, ఏనుగు గోతిలో పడిపోయిన బొమ్మ వేశాడు. ఈ రెండూ జంటగా దొరికితే వదలకండి. మొదటిది అందరికీ తెలుసు, రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు.

రిపబ్లికన్ పార్టీకి ఏనుగుని గుర్తుగా అతికించింది నాస్టే అని షాపువాళ్లు చెబుతారు. అంతకుముందు కూడా ఒకటీ అరా చోట్ల ఏనుగు కనిపిస్తుంది. డెమొక్రాట్ల గాడిదైతే ఇంకా పాతది, ప్రెసిడెంట్ ఆండ్రూ జాక్సన్ కాలం నాటిది. నాస్ట్ చేసిందల్లా వాటిని మళ్లీ మళ్లీ గీసి జనం కళ్లలో నిలబెట్టడం. ‘ప్రపంచంలో మొట్టమొదటి ఏనుగు’ అని ఎవరైనా ధర పెంచితే నవ్వి ఊరుకోండి.

ఇప్పుడు అసలు విషయం. హార్పర్స్ వీక్లీ ఆ రోజుల్లో నలుపు తెలుపుల్లోనే అచ్చయ్యేది. 1874లో ఆ ఏనుగుకి రంగు లేదు. మీరు చూసిన రంగులు తరవాత ఎవరో కుంచెతో వేసినవి, బహుశా మన కాలంలోనే. అలాగని కాగితం దొంగదని కాదు. పాత సంచిక పేజీ విడదీసి, వాటర్‌కలర్ వేసి, పటం కట్టి అమ్మడం ఇక్కడ మామూలు వ్యాపారమే. డ్రాయింగ్ రూములో వేలాడదీసుకునేవాళ్లకి రంగుంటే ముద్దు. సేకరించేవాళ్లకి మాత్రం రంగు పడిన పేజీ అంటే పసుపు రాసిన పాత రాగి నాణెం లాంటిది. నాణెం నిజమే, కానీ చేతులు పడ్డాయి.

సర్టిఫికెట్ గురించి ఒక్క మాట. అది అమ్మేవాడే రాసుకున్న కాగితం. దాన్ని చదవడం మానేసి పటం విప్పమనండి. బొమ్మ వెనక ఏముందో చూడాలి.

హార్పర్స్ అంటే వారపత్రిక, బొమ్మ ఒక పక్కనుంటే రెండో పక్కన ఆ వారం వార్తో, సీరియల్ నవలో, ప్రకటనలో ఉండి తీరాలి. వెనక తెల్లగా ఉంటే అది పత్రికలోంచి వచ్చింది కాదు. ఇక్కడ ఒక మినహాయింపు కూడా చెప్పాలి. సివిల్ వార్ జరిగి వందేళ్లయిన సందర్భంగా 1960లలో ఆ యుద్ధకాలపు సంచికలకి అచ్చు నకళ్లు వేశారు. వాటికి వెనక కూడా అక్షరాలుంటాయి. మీ 1874 బొమ్మకి ఆ బెడద తక్కువే కానీ, 1861–65 సంచికలు కొనేటప్పుడు వెనక అక్షరాలున్నాయి కదా అని ధీమా పడకండి. కాగితాన్ని వేళ్లతో చూడండి.

వేళ్లతో ఎందుకంటే, ఆ బొమ్మలు తయారైన పద్ధతి అలాంటిది. బాక్స్‌వుడ్ అనే గట్టి చెక్కని అడ్డంగా కోసి, నున్నగా చేసి, దాని మీద బొమ్మ వేసేవాళ్లు. ఆ చెట్టు మాను సన్నం. అంత పెద్ద పలక దొరకదు. అందుకని చిన్న చిన్న పలకలు బోల్టులతో బిగించి పెద్ద పలక చేసేవాళ్లు. నాస్ట్ దాని మీదే పెన్సిల్‌తో, అద్దంలో కనిపించినట్టు తిరగేసి గీసేవాడు. తరవాత పలకలు విడదీసి, ఒక్కో చెక్కేవాడికి ఒక్కో ముక్క ఇచ్చేవాళ్లు. రాత్రంతా కూర్చుని తెల్లగా కనిపించాల్సిన చోటల్లా తొలిచేసేవాళ్లు. పొద్దున్నే ముక్కలన్నీ మళ్లీ బిగించి, దాని నుంచి రాగి అచ్చు తీసి, అచ్చువేసేవాళ్లు. ముక్కలు కలిసిన చోట సన్నని తెల్ల గీత ఒక్కోసారి మిగిలిపోతుంది, ముఖ్యంగా రెండు పేజీల పెద్ద బొమ్మల్లో. పది రెట్లు చూపించే భూతద్దంతో ఆకాశం ఉన్న చోటో, నేల ఉన్న చోటో వెతకండి. నాకు మొదటిసారి ఆ గీత కనిపించినప్పుడు బొమ్మలో ఏదో లోపం ఉందనుకుని తిరిగిచ్చేయబోయాను!

ఈ పద్ధతి వల్ల రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, నాస్ట్ పలక మీద గీసిన గీత చెక్కేటప్పుడే పోయేది. కాబట్టి ఆ పాత కార్టూన్లకి ‘చేత్తో గీసిన ఒరిజినల్’ అనేది చాలావాటికి లేనే లేదు. ఆ వారం అచ్చయిన కాగితమే ఒరిజినల్. వేల కాపీలు అచ్చయ్యాయి, బైండు చేసి లైబ్రరీల్లో దాచారు. తరవాత మైక్రోఫిల్మ్ వచ్చాక చాలా లైబ్రరీలు ఆ బైండులు వదిలించుకున్నాయి, డీలర్లు కొని పేజీలు విప్పారు. అందుకే నాస్ట్ పేజీలు అపురూపమేమీ కావు. రెండోది, అచ్చు ఎత్తుగా ఉన్న గీతలతో కాగితాన్ని నొక్కుతుంది. పక్క నుంచి లైటు వేసి వెనకవైపు చూస్తే ఆ నొక్కు ఉబ్బినట్టు కనిపిస్తుంది. ఇప్పటి ఆఫ్‌సెట్ నకలు అద్దంలా చదునుగా ఉంటుంది.

ఇంకో పరీక్ష ఉంది, చవకైనది. చిన్న యూవీ టార్చి కొనండి, నోట్లు చూసేవాళ్లు వాడేది. 1950ల తరవాత కాగితాల్లో తెలుపు కోసం కలిపే రసాయనాలు ఆ వెలుగులో నీలంగా మెరుస్తాయి. 1874 కాగితం అలా మెరవకూడదు. ఎవరైనా దాన్ని ఇప్పటి సబ్బులతో కడిగి ఉంటే కొద్దిగా మెరవచ్చు కాబట్టి, ఈ ఒక్క పరీక్షతోనే తీర్పు చెప్పకండి.

ఇక కొలత. హార్పర్స్ పేజీ సుమారు 11 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల పొడవు. అంచులు కత్తిరించి ఉంటే కాస్త తగ్గుతుంది. ఎనిమిదిన్నర బై పదకొండు సైజులో ‘ఒరిజినల్’ అని ఎవరైనా చూపిస్తే అది ప్రింటర్లోంచి వచ్చిందే. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల వెబ్‌సైట్లో పాత రాజకీయ బొమ్మల స్కాన్లు కొలతలతో సహా ఉచితంగా ఉన్నాయి. షాపుకి వెళ్లే ముందు ఫోన్లో అవి తెరిచిపెట్టుకోండి.

ధర మాట. అంత పేరులేని నాస్ట్ పేజీలు నేను ఇరవై నుంచి అరవై డాలర్ల మధ్య కొన్నాను. మీరు చూసిన ఏనుగు పేరున్నది కాబట్టి దానికెప్పుడూ ఎక్కువే చెబుతారు. రంగు వేయకుండా, అంచులు పూర్తిగా ఉండి, చిరుగుల్లేకుండా ఉంటే 180కి నేనైనా కొంటాను. రంగు వేసినదానికి మాత్రం అంత పెట్టను.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు. నా మాట వింటే, ఒక గొడవని ఎంచుకోండి. ఆర్టిస్టుని బట్టి కాదు, పార్టీని బట్టి కాదు, ఒక తగాదాని బట్టి. ఈ బొమ్మలన్నీ ఎవరినో ఒకరిని తిట్టడానికి వేసినవే. ఎవరిని ఎందుకు తిడుతున్నారో తెలియకుండా కొంటే మూడో నెలకి విసుగొస్తుంది.

నేను ఎంచుకున్నది 1871 న్యూయార్క్. విలియం ట్వీడ్, జనం నోట్లో ‘బాస్ ట్వీడ్’. టామనీ హాల్ అనే డెమొక్రాట్ల గుంపు ఇతని చేతిలో ఉండేది, నగరం ఖజానా కూడా ఇతని చేతిలోనే. కోర్టు భవనం కడుతున్నామంటూ దొంగబిల్లులతో కోట్లు మింగారు. జులైలో న్యూయార్క్ టైమ్స్ లెక్కలు బయటపెట్టింది. నాస్ట్ అప్పటికే వెంటపడి ఉన్నాడు. ఆగస్టు 19 సంచికలో ‘జనం డబ్బు ఎవడు దొంగిలించాడు?’ అనే బొమ్మ వచ్చింది. అందరూ గుండ్రంగా నిలబడి, ప్రతివాడూ పక్కవాడి వైపు వేలు చూపిస్తుంటాడు. మన పేపర్లలో కుంభకోణం వచ్చిన ప్రతిసారీ ఇలాంటి బొమ్మ ఏదో ఒకటి చూస్తూనే ఉంటాం. సెప్టెంబర్ 23న ట్వీడ్ ముఠాని తుఫానులో కొండ అంచున కూర్చున్న రాబందులుగా గీశాడు. కింద ‘లెట్ అస్ ప్రే’ అని రాశాడు. చెవికి ‘ప్రార్థిద్దాం’ అని వినిపిస్తుంది, స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం మార్చి ‘వేటాడి తిందాం’ అన్నాడు. అక్టోబర్ 21న ‘ద బ్రెయిన్స్’. ట్వీడ్ ఒంటికి తల బదులు డబ్బుమూట. నవంబర్ 11న రెండు పేజీల టామనీ పులి. రోమన్ స్టేడియం మధ్యలో నిలబడి, కాళ్ల కింద ఒక స్త్రీని తొక్కిపట్టి, సూటిగా మన కళ్లలోకి చూస్తుంటుంది. ఆ పులి నా హాల్లో ఉంది. మా చిన్నమ్మాయి చిన్నప్పుడు దాని ముందునుంచి పరిగెత్తుకుంటూ పోయేది.

‘పేపర్లలో ఏం రాసినా నాకు లెక్కలేదు, నా ఓటర్లకి చదువు రాదు. కానీ బొమ్మలు చూడగలరు కదా’ అని ట్వీడ్ మొత్తుకున్నాడని చెబుతారు. నాస్ట్‌కి లంచం ఇవ్వజూపారనీ అంటారు. హార్పర్ సంస్థ స్కూలు పుస్తకాలు కూడా వేసేది, ఆ ఆర్డర్లకి టామనీవాళ్లు ఎసరు పెట్టారు. బెదిరింపులు రావడంతో నాస్ట్ కుటుంబాన్ని తీసుకుని మా న్యూజెర్సీకే వచ్చేశాడు, మోరిస్‌టౌన్‌కి. తరవాత జైల్లోంచి తప్పించుకున్న ట్వీడ్ 1876లో స్పెయిన్‌లో, విగో రేవులో దొరికాడు. పోల్చుకోవడానికి అక్కడి అధికారుల దగ్గర ఉన్నది ఒక నాస్ట్ కార్టూన్. అందులో ట్వీడ్ ఖైదీ బట్టల్లో ఇద్దరు పిల్లల్ని కాలర్ పట్టుకుని ఉంటాడు. అక్కడివాళ్లు ఇతను పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు అనుకున్నారట. అది 1876 జులై 1 సంచికలో ఉంది, ఇప్పటికీ అందుబాటు ధరకే దొరుకుతుంది. ఇలా ఏడెనిమిది కాగితాలతో ఒక కథ మొత్తం గోడ మీదకి ఎక్కించొచ్చు.

అదే 1871లో ఇంకో బొమ్మ ఉంది, మనలాంటివాళ్లు చూసి తీరాల్సింది. సెప్టెంబర్ 30 సంచిక. పేరు ‘ది అమెరికన్ రివర్ గంగెస్’, అంటే అమెరికా గంగానది. ఒక ఎస్టేట్ సేల్‌లో, అంటే పోయినవాళ్ల ఇంటి సామాను అమ్మేచోట, అట్టపెట్టె అడుగున దొరికింది. పేరు చూసి చేతిలోకి తీసుకున్నాను. నది ఒడ్డుకి మొసళ్లు పాకుతూ వస్తున్నాయి. బాగా చూస్తే అవి మొసళ్లు కావు, పాకుతున్న కాథలిక్ బిషప్పులు. వాళ్ల ఎత్తు టోపీలే తెరిచిన నోళ్లు. ఒడ్డున స్కూలు పిల్లలు వణుకుతుంటే ఒక టీచర్ అడ్డం నిలబడ్డాడు. కొండ మీదనుంచి ట్వీడ్ మనుషులు పిల్లల్ని కిందకి పంపిస్తున్నారు. ప్రభుత్వ స్కూళ్ల డబ్బు చర్చి స్కూళ్లకి మళ్లుతుందన్న భయం మీద గీసింది.

ఇందులో గంగ ఎందుకొచ్చింది? ఆ రోజుల్లో అమెరికాలో సండే స్కూలు పిల్లలకి మిషనరీలు ఒక కథ చెప్పేవాళ్లు. హిందూ తల్లులు పసిపిల్లల్ని గంగలో మొసళ్లకి వేస్తారని. బొమ్మలతో సహా అచ్చువేసేవాళ్లు. అమెరికన్ పాఠకుడికి ‘గంగ, మొసలి, పిల్లలు’ అంటే చాలు, మిగతాది తెలిసిపోయేది. నాస్ట్ దాన్ని వాడుకున్నాడు. మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు ఈ బొమ్మ చూసి, “మొసలి గంగమ్మ వాహనం కదరా, దాన్ని ఇలా గీశాడేమిటి?” అంది. నేను చెప్పిన చరిత్ర అంతా విని, “అయితే వీడికి గంగా తెలీదు, బిషప్పులూ తెలీదు” అని తేల్చేసింది. ఒకే మనిషి దగ్గర ఏనుగూ దొరికింది, మొసలీ దొరికింది, గజేంద్రమోక్షం నేనే చెప్పుకోవాలి.

ఇదే బొమ్మని హార్పర్స్ 1875 మే 8న మళ్లీ వేసింది. అమ్మేవాళ్లు రెండు తేదీలూ కలిపేస్తుంటారు. ఏది ఏదో తేలాలంటే మళ్లీ అదే దారి: పేజీ పైన తేదీ, వెనక వార్తలు.

నాస్ట్ బొమ్మలు కొనేవాళ్లు ఒక సంగతికి సిద్ధపడాలి. బానిసత్వానికి వ్యతిరేకంగా గొప్పగా గీసినవాడే. 1871లో చైనావాళ్ల మీద గుంపులు పడుతుంటే వాళ్ల పక్షాన నిలబడి గీశాడు. అదే చెయ్యి ఐరిష్‌వాళ్లని కోతుల్లా గీసింది, 1874 నాటికి నల్లజాతి శాసనసభ్యుల్ని ఎగతాళి చేస్తూ కూడా గీసింది. ఇంట్లో వేలాడదీసేటప్పుడు ఏది గోడకి, ఏది ఫైలుకి అని నేను ఆలోచించుకుంటాను. మొసళ్ల బొమ్మ ఫైల్లోనే ఉంది. వచ్చినవాళ్లందరికీ మా అమ్మకి చెప్పినంత కథ చెప్పలేను.

రంగుల్లోనే కావాలంటే హార్పర్స్ వదిలి ‘పక్’ పత్రిక వైపు వెళ్లండి. జోసెఫ్ కెప్లర్ స్థాపించాడు. ముందు 1876లో జర్మన్‌లో, 1877 నుంచి ఇంగ్లిష్‌లో, 1918 దాకా వచ్చింది. దానికి పోటీగా 1881లో ‘జడ్జ్’ వచ్చింది. ఇవి రాతి అచ్చులు, అంటే లిథో. ఒక్కో రంగుకి ఒక్కో రాయి. ఇక్కడ రంగు పుట్టుకతో వచ్చిందే. భూతద్దంలో చూస్తే రంగు చుక్కలు చేత్తో పొడిచినట్టు, ఒక వరసా వావీ లేకుండా ఉంటాయి, లేదా క్రేయాన్ గీతల గరుకు కనిపిస్తుంది. ఇప్పటి నకల్లో చుక్కలు ముగ్గులో చుక్కల్లా లెక్క ప్రకారం ఉంటాయి, నాలుగు రంగులూ కలిసి చిన్న పువ్వుల్లా.

నేను మోసపోయింది ఇక్కడే. 1889 జనవరి 23 సంచికలో వచ్చిన ‘బాసెస్ ఆఫ్ ద సెనేట్’ కెప్లర్ గీసిన పెద్ద బొమ్మ. చిన్న చిన్న సెనేటర్ల వెనక వరసగా డబ్బుసంచుల్లాంటి పొట్టలతో ట్రస్టులు, అంటే గుత్తాధిపత్య కంపెనీలు, నిలబడి ఉంటాయి, పైన గ్యాలరీలో జనం రావాల్సిన తలుపుకి అడ్డుకర్ర. ఆన్‌లైన్లో ఒక అమ్మకందారు ‘ఒరిజినల్ సెంటర్ పేజీ’ అని పెట్టాడు. ఆత్రంలో కొనేశాను. వచ్చాక చూస్తే కాగితం దళసరిగా, తళతళలాడుతూ ఉంది. మధ్యలో మడత లేదు! పత్రిక నడిమి పేజీకి మడత లేకుండా ఎలా ఉంటుంది? అంత చిన్న సంగతి ఫోటోలోనే కనిపిస్తోంది, చూడలేదు. భూతద్దం పెట్టగానే పువ్వుల చుక్కలు. డబ్బు తిరిగి రాలేదు. ఆ నకలు ఇప్పటికీ దాచాను, కొత్తగా మొదలుపెట్టే వాళ్లకి చూపించడానికి.

ఇక ప్రచార బొమ్మలు, అంటే అభ్యర్థుల కోసం అమ్మిన ప్రింట్లు. వీటిలో పెద్ద పేరు కరియర్ అండ్ ఐవ్స్, న్యూయార్క్ నసావ్ స్ట్రీట్‌లో దుకాణం. 1857కి ముందువి ‘ఎన్. కరియర్’ పేరుతో ఉంటాయి, ఐవ్స్ పార్ట్‌నర్ అయ్యాక రెండు పేర్లు. 1850 నాటి బొమ్మ మీద రెండు పేర్లూ ఉంటే అనుమానించాలి. నలుపులో రాతి అచ్చు వేసి, ఆడపిల్లలు వరసగా కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో రంగు చేత్తో పూసేవాళ్లు. ఇక్కడ చేతిరంగు ఉండటమే న్యాయం. హార్పర్స్‌కి చెప్పినదానికి పూర్తిగా తలకిందులు. వీళ్లకి పార్టీ పట్టింపు లేదు. 1844లో ప్రెసిడెంటు పదవికి పోటీపడ్డ క్లేకీ బ్యానర్ అమ్మారు, పోల్క్‌కీ అమ్మారు. 1860లో లింకన్‌ని పొగిడీ వేశారు, ఎగతాళి చేసీ వేశారు. అందులో ‘ద నేషనల్ గేమ్’ అని ఒకటుంది, నలుగురు అభ్యర్థులూ బేస్‌బాల్ ఆడుతుంటారు, లింకన్ చేతిలో కంచె కర్ర బ్యాటు. దొరకడం కష్టం, దొరికినా ధర మనకి అందదు.

కరియర్ అండ్ ఐవ్స్ నకళ్లకి లెక్కే లేదు. ఒక ఇన్సూరెన్స్ కంపెనీ ఏళ్ల తరబడి వాళ్ల బొమ్మలతో క్యాలెండర్లు వేసింది. తాతగారి అటకమీద దొరికిందని తెచ్చే పటాల్లో చాలావరకు ఆ క్యాలెండర్ పేజీలే. వీటికి వెనక ఖాళీగానే ఉంటుంది కాబట్టి వెనకవైపు పరీక్ష ఇక్కడ పనిచేయదు. చుక్కలు, కొలత, కింది గీతలో అక్షరాలు చూడాలి.

ఆ కింది గీత చదవడం నేర్చుకోండి. ఎవరి పేరున, ఏ సంవత్సరం కాపీరైటు తీసుకున్నారో ఉంటుంది. 1870కి ముందైతే జిల్లా కోర్టు క్లర్కు ఆఫీసులో నమోదు చేసినట్టు ఉంటుంది. ఆ ఏడాది చట్టం మారి ఆ పని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి వెళ్లింది. 1874 తరవాత ‘కాపీరైట్’, సంవత్సరం, పేరు అని కుదించి వేసుకోవచ్చన్నారు. 1860 నాటిదని చెప్పే బొమ్మ మీద ‘లైబ్రేరియన్ ఆఫ్ కాంగ్రెస్’ అన్న మాట కనిపిస్తే అక్కడే పెట్టేసి రండి.

లింకన్ బొమ్మలకి ఇంకో కొండగుర్తు: గడ్డం. 1860 ఎలక్షన్లో ఆయనకి గడ్డం లేదు. గ్రేస్ బెడెల్ అనే పదకొండేళ్ల పిల్ల అక్టోబర్‌లో ఉత్తరం రాసింది, గడ్డం పెంచితే బాగుంటారని. గెలిచాకే పెంచాడు. ప్రింటర్లు పాత రాళ్ల మీదే గడ్డం గీసి మళ్లీ అమ్మారు. గడ్డం ఉన్న లింకన్‌ని ‘1860 ప్రచారం ప్రింటు’ అంటే నమ్మకండి. అయితే పేరు ‘అబ్రామ్’ అని తప్పుగా ఉందని తీసిపారేయకండి. అప్పటికి ఆయన అంత తెలిసినవాడు కాదు, ఆ ఏడాది ప్రచారపు జెండాల మీద అలా కూడా అచ్చయింది.

పాత పలకల మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. లింకన్ నిలబడి, బల్ల మీద కాగితాల మీద చెయ్యి పెట్టి, రాజసంగా ఉండే ఒక ఎన్‌గ్రేవింగ్ ఉంది. ఒళ్లు లింకన్‌ది కాదు. బానిసత్వాన్ని గట్టిగా సమర్థించిన జాన్ కాల్హౌన్ కోసం 1852లో చెక్కిన పలక మీద తల తీసేసి లింకన్ తల పెట్టారు. కాల్హౌన్ బల్ల మీద కాగితాల్లో ‘రాష్ట్రాల సార్వభౌమత్వం’ లాంటివి ఉంటే, వాటిని చెరిపి ‘యూనియన్’, ‘స్వేచ్ఛా ప్రకటన’ అని రాశారు. తల పెట్టే కంగారులో పుట్టుమచ్చ రెండో చెంపకి వెళ్లింది. దొంగతనం పట్టించింది ఆ మచ్చే.

చొక్కాకి పెట్టుకునే ప్రచార బటన్ల గురించి తక్కువే చెబుతాను, నాకు వాటి మీద మోజు లేదు. సెల్యులాయిడ్ బటన్లు జోరందుకున్నది 1896లో, మెక్‌కిన్లీ, బ్రయన్ పోటీ పడినప్పుడు. నెవార్క్‌లోని వైట్‌హెడ్ అండ్ హోగ్ వాటిలో పెద్ద కంపెనీ. నకళ్లు మాత్రం గుట్టలు. 1973లో హాబీ ప్రొటెక్షన్ చట్టం వచ్చాక, రాజకీయ వస్తువుల నకలు చేస్తే తయారుచేసిన సంవత్సరం దాని మీద వేయాలి. బటన్ అంచు మడతలో చూడండి. అంతకుముందు చేసిన నకళ్లకి ఆ చట్టం వర్తించదు, జాగ్రత్త.

కొన్నాక కాపాడుకోవడం. ఇక్కడ నా పాపం ఒప్పుకుంటాను. మంచి ‘బ్రెయిన్స్’ పేజీ ఒకటి, ముడత పోవాలని ఒక ఫ్రేమింగ్ షాపులో ఇచ్చాను. వాళ్లు దాన్ని వేడి ప్రెస్సులో పెట్టి ఫోమ్ బోర్డుకి శాశ్వతంగా అతికించేశారు, దీన్నే డ్రై మౌంట్ అంటారు. చూడ్డానికి ఇస్త్రీ చొక్కాలా ఉంది. వెనకవైపు మాత్రం ఇక ఎప్పటికీ కనపడదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. తప్పు నాదీ ఉంది, ఏం చేస్తారో ముందు అడగలేదు. పటం కట్టించేటప్పుడు ‘డ్రై మౌంట్ వద్దు, టేపు వద్దు, యాసిడ్ లేని అట్ట కావాలి, జపనీస్ కాగితం చిన్న ముక్కలతో, గోధుమ స్టార్చి జిగురుతో పైన మాత్రమే పట్టించండి’ అని రాసిచ్చి రండి. గాజు యూవీ ఆపేది అడగండి. బొమ్మ గాజుకి తగలకుండా మధ్యలో మౌంటు ఉండాలి.

1860ల హార్పర్స్ కాగితం చేతిలో గుడ్డలా మెత్తగా ఉంటుంది, గుడ్డపీలికల గుజ్జు ఎక్కువ కాబట్టి. తరవాత చెక్కగుజ్జు కలిశాక కాగితం అప్పడంలా విరుగుతుంది. 1880ల పేజీలు మడత దగ్గర ముట్టుకోవడానికే భయం. గోడ మీద పెట్టని వాటిని పాలిస్టర్ కవర్లలో, గట్టి ఫోల్డర్‌లో, బల్లపరుపుగా పెట్టండి. బేస్‌మెంట్ వద్దు, తేమ. అటక వద్దు, వేడి. విశాఖలోనో కాకినాడలోనో ఉండి ఇది చదివేవాళ్లు వర్షాకాలంలో నెలకోసారి తీసి చూసుకోండి, గోధుమ మచ్చలు అప్పుడే మొదలవుతాయి. సెలోటేప్ మాత్రం ఎంత చిన్న చిరుగుకైనా వేయకండి.

ఇండియా నుంచి ఇక్కడికి పాత ప్రింట్లు తేవాలనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. భారతదేశంలో వందేళ్లు దాటిన కళావస్తువులు, డెబ్బై ఐదేళ్లు దాటిన విలువైన రాతప్రతులు, రికార్డులు 1972 పురావస్తువుల చట్టం కింద వస్తాయి. సూట్‌కేసులో పెట్టుకుని వచ్చేయడం కుదరదు.

కొనే ముందు ఒక్కసారి మోరిస్‌టౌన్ వెళ్లండి. అక్కడ మెకల్లక్ హాల్ మ్యూజియంలో నాస్ట్ వస్తువుల పెద్ద సేకరణ ఉంది, ఆయన ఇల్లు కూడా ఆ దగ్గర్లోనే. ఎడిసన్ నుంచి గంటలోపు. తెరిచి ఉండే రోజులు చూసుకుని వెళ్లండి. నిజమైన కాగితాన్ని అరగంట చూస్తే, నేను రాసినదానికంటే ఎక్కువ కళ్లకే తెలిసిపోతుంది. పాత కాగితాల షోలకి వెళ్తే డీలర్లు చేతికిచ్చి చూడనిస్తారు, బేరం కూడా ఆడొచ్చు. కాస్త ముదిరాక అమెరికన్ పొలిటికల్ ఐటమ్స్ కలెక్టర్స్ అనే సంఘం ఉంది, 1945 నుంచి నడుస్తోంది, అందులో చేరండి.

తరవాత ఆ షాపుకి తిరిగి వెళ్లి, పటం వెనక బ్రౌన్ పేపర్ విప్పమనండి. మర్యాదగానే అడగండి, మంచి షాపువాళ్లు విప్పుతారు. కుదరదంటే వచ్చేయండి, ఆ ఏనుగు ఇంకోచోట మళ్లీ దొరుకుతుంది. విప్పితే మాత్రం రెండు ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి, వెనకది ముందు.